మామయ్యగారితో స్వాంప్ టూర్: ఏ పడవ ఎక్కాలి?

ప్రశ్న: మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. సంక్రాంతి వెళ్ళాక మా అత్తయ్యగారు, మామయ్యగారు భీమవరం నుంచి వచ్చారు. మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి అందరం లూయిజియానాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్ళి, అక్కడ స్వాంప్ (చెట్లతో నిండిన చిత్తడి నేల) బోట్ టూర్ చేద్దామనుకుంటున్నాం. మావారూ, తొమ్మిదేళ్ళ మా బాబూ ఎయిర్‌బోటే ఎక్కాలంటున్నారు. పాపకి మూడేళ్ళు. మామయ్యగారికి 72. రెండేళ్ళ క్రితం మోకాలి ఆపరేషన్ అయింది, షుగర్ కూడా ఉంది. ఆన్‌లైన్‌లో చూస్తే బోలెడు టూర్లు, అన్నిటికీ మొసళ్ళు గ్యారంటీ అని రాసి ఉంది. ఏది బుక్ చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అందరూ కలిసి ఒకే పడవ ఎక్కాలనుకుంటే, పైకప్పు ఉండి నెమ్మదిగా నడిచే పాంటూన్ బోట్ తీసుకోండమ్మా. ఎయిర్‌బోట్ మీ పాపకీ పనికిరాదు, మామయ్యగారికీ పనికిరాదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, తొమ్మిదేళ్ళ క్రితం ఆ తప్పు నేనే చేశాను.

అప్పుడు మా నాన్నగారు కైకలూరు నుంచి వచ్చారు. మా అమ్మాయికి నాలుగేళ్ళు. ఫొటోలు బాగున్నాయని ఎయిర్‌బోట్ బుక్ చేశాను. ఎయిర్‌బోట్ అంటే అడుగు బల్లపరుపుగా ఉండే పడవ. వెనకాల ఇనుప చట్రంలో మనిషికన్నా ఎత్తయిన ఫ్యాన్ ఉంటుంది, అది గాలిని వెనక్కి తోస్తుంటే పడవ ముందుకి దూసుకుపోతుంది. నీళ్ళలో ఏమీ తిరగదు కాబట్టి జానెడు లోతు నీళ్ళలోనూ, గడ్డి మీదా కూడా పోతుంది. చప్పుడు మాత్రం విపరీతం. అందుకే ఎక్కగానే అందరికీ చెవులకి పెట్టుకునే మఫ్‌లు ఇస్తారు. మా అమ్మాయికి ఇచ్చినవి పెద్దవాళ్ళ సైజు, గడ్డం దాకా జారిపోయేవి. తిరిగొచ్చేదాకా నా రెండు అరచేతులతో దాని చెవులు మూసి కూర్చున్నాను. నాన్నగారు వినికిడి మిషన్ తీసి చొక్కా జేబులో పెట్టుకుని మఫ్‌లు పెట్టుకున్నారు. కెప్టెన్ ఎక్కడైనా ఆపి ఏదో చెప్పడం మొదలుపెడితే, ఈయన మఫ్‌లు తీసి మిషన్ పెట్టుకునేలోపు పడవ మళ్ళీ కదిలేది. ఒడ్డుకి వచ్చాక “గాలి బాగా తగిలిందమ్మా” అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ మాట నాకిప్పటికీ గుర్తే.

రెండేళ్ళ తర్వాత నాన్నగారు మళ్ళీ వచ్చినప్పుడు స్లైడెల్ దగ్గర హనీ ఐలాండ్ స్వాంప్‌కి, ఈసారి నెమ్మది పడవలో తీసుకెళ్ళాను. అది పెర్ల్ నది ఒడ్డున ఉంటుంది, న్యూ ఆర్లీన్స్ నుంచి ముప్పావుగంట ప్రయాణం. కెప్టెన్ ఒక ఇరుకు పాయలోకి తిప్పి ఇంజన్ ఆపేశాడు. చుట్టూ సైప్రస్ చెట్లు. వాటి చుట్టూ నీళ్ళలోంచి మొద్దుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. వాటిని ఇక్కడివాళ్ళు ‘మోకాళ్ళు’ అనే పిలుస్తారు. కొమ్మలనుంచి బూడిదరంగు పీచు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది. పేరు స్పానిష్ మాస్ అయినా అది నాచు కాదు, అనాస పండు కుటుంబంలోని మొక్క అని కెప్టెన్ చెప్పాడు. అప్పుడు నాన్నగారు పడవ అంచుకి వంగి, నీళ్ళమీద తేలుతున్న మొక్క కాడ ఉబ్బుని చూపించి, “ఇది మన గుర్రపు డెక్కేగా?” అన్నారు.

అవును, గుర్రపు డెక్కే. 1884లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పత్తి ఎగ్జిబిషన్‌లో పూలు అందంగా ఉన్నాయని జనానికి పంచిపెడితే, అక్కడినుంచి కాలువల్లోకి పాకిందని ఇక్కడ చెప్పుకుంటారు. నాన్నగారు కొల్లేరు చుట్టూ కాలువల్లో దాన్ని ఎలా లాగి గట్టున పోసేవారో, వారం తిరక్కుండా మళ్ళీ ఎలా కమ్మేసేదో చెప్పారు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే కెప్టెన్ టోపీ తీసి మరీ విన్నాడు. అక్కడే ఇరవై నిమిషాలు ఉండిపోయాం. ఎయిర్‌బోట్‌లో ఇది జరిగే పని కాదు. మీ మామయ్యగారిది భీమవరం అంటున్నారు. కాలువలూ చెరువులూ చూస్తూ పెరిగిన మనిషికి ఈ నీళ్ళలో గుర్తుపట్టేవి చాలా ఉంటాయి. ఆయన మాట వినపడే పడవ ఎక్కించండి.

ఇక ఎక్కడ ఎక్కాలన్నది. మీరు కేటీ నుంచి ఐ-10 హైవే మీదే వెళ్తారు కదా. న్యూ ఆర్లీన్స్ చేరడానికి ఆరు గంటలు పడుతుంది, పిల్లలతో అయితే ఏడు. స్వాంప్ కోసం అంతదూరం ఆగక్కర్లేదు. దారిలో లఫయెట్ దాటగానే అచాఫలాయా బేసిన్ వస్తుంది. అమెరికాలో నది వరదనీటితో నిండే స్వాంపుల్లో ఇదే అతి పెద్దది. హైవే దాని మీదుగా 18 మైళ్ళ వంతెన మీద పోతుంది. ఆ వంతెన ఎక్కేముందు హెండర్సన్ అనే చిన్న ఊరుంది. అక్కడ పైకప్పున్న పడవలూ, ఎయిర్‌బోట్లూ రెండూ దొరుకుతాయి. మధ్యాహ్నానికి అక్కడ దిగి, టూర్ చేసి, రాత్రికి లఫయెట్‌లో పడుకుంటే మామయ్యగారి మోకాలికీ విశ్రాంతి. దగ్గర్లోనే లేక్ మార్టిన్ ఉంది. వసంతంలో కొంగలూ, గులాబీరంగు స్పూన్‌బిల్ పక్షులూ గూళ్ళు కట్టే చోటు. చాలా అందమైన చోటే గానీ, అక్కడి పడవలు చిన్నవి, చాలావాటికి పైకప్పు ఉండదు. పాప ఉంది కాబట్టి ఈసారికి వద్దంటాను.

న్యూ ఆర్లీన్స్ వెళ్ళాకే చేద్దామనుకుంటే నేను మళ్ళీ హనీ ఐలాండే చెప్తాను. ఊరికి దక్షిణాన మరెరో, లఫీట్ వైపు ఉండే బరటారియాలో చెట్లు తక్కువ, గడ్డి మైదానంలా పరుచుకున్న చిత్తడి ఎక్కువ. ఎయిర్‌బోట్లు ఎక్కువగా తిరిగేది అటువైపే. చాలా కంపెనీలు ఒకే రేవు నుంచి రెండు రకాల పడవలూ నడుపుతాయి. అలాంటిచోట అందరూ పాంటూన్ ఎక్కాక మీవారూ బాబూ విడిగా ఎయిర్‌బోట్ ఎక్కొచ్చు. బాబు సరదా ఎందుకు కాదనాలి? కాకపోతే ఎయిర్‌బోట్లకి వయసు నిబంధన ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. అడిగాకే వాడికి మాటివ్వండి. హోటల్ నుంచి తీసుకెళ్ళే టికెట్‌కి ధర ఎక్కువ. మీకు కారుంది, అది అనవసరం.

బుక్ చేసేముందు ఫోన్ చేయండి, ఆన్‌లైన్‌లో నొక్కేసి ఊరుకోవద్దు. మొదట పడవలో బాత్రూమ్ ఉందా అని అడగండి. షుగర్ ఉన్నవాళ్ళకి రెండు గంటలు చిన్న విషయం కాదు. పెద్ద పడవల్లో కొన్నిటికే ఉంటుంది. లేకపోతే రేవు దగ్గర ఉందో లేదో కనుక్కోండి. రెండోది, రేవు నుంచి పడవలోకి మెట్టు ఎంత లోతు దిగాలి, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, సీటుకి వెనక ఆనుకోవడానికి ఉందా. “మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన వస్తున్నారు” అని చెప్పి చూడండి. వాళ్ళు నిదానంగా వివరిస్తే మంచి కంపెనీ, విసుక్కుంటే ఫోన్ పెట్టేయండి. ఇలా నేను రెండు కంపెనీలని వదిలేశాను.

కెప్టెన్‌కి కోస్ట్ గార్డ్ లైసెన్స్ ఉండాలి. డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ఎక్కించే పడవకైతే కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్ కూడా ఉండాలి. దాన్ని పడవలో కనిపించేలా పెడతారు. పాప విషయం ఇంకా ముఖ్యం. 30 నుంచి 50 పౌండ్ల బరువుండే పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా, అంతకన్నా తక్కువ బరువైతే పసిపిల్లల సైజు ఉందా అని అడగండి. తొడిగాక బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం, చెవులు దాటి పైకొచ్చేస్తే అది లూజు, వేరేది ఇమ్మనండి. నేనైతే ఇప్పుడు ఇంటినుంచే సరైన సైజుది పట్టుకెళ్తాను.

మొసళ్ళ గ్యారంటీ గురించి. ఇక్కడుండేవి మొసళ్ళ కోవకే చెందిన ఎలిగేటర్లు. ఒంటి వేడిని ఎండనుంచే తెచ్చుకోవాలి. ఉష్ణోగ్రత 70 ఫారన్‌హీట్ కంటే తగ్గితే తిండి మానేస్తాయి, 55 కంటే తగ్గితే కదలకుండా పడుంటాయి. మార్చిలో అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళకండి. ఎండ కాసే రోజు చూసుకుని మధ్యాహ్నం వెళ్తే దుంగల మీదికెక్కి ఎండ కాగుతూ కనిపిస్తాయి. కనిపించకపోయినా నష్టం లేదు, అప్పుడే సైప్రస్ లేతాకు వేస్తుంటుంది, దోమలూ తక్కువ. గ్యారంటీ అనే చోట చాలామంది గైడ్లు మార్ష్‌మెలోలు అనే తెల్లటి మెత్తటి మిఠాయిలు నీళ్ళలోకి విసిరి వాటిని పిలుస్తారు. నాకిది అస్సలు నచ్చదు. మనిషిని చూస్తే తిండి గుర్తొచ్చే మొసలి అందరికీ ప్రమాదమే. ఫ్లోరిడాలో ఎలిగేటర్లకి తిండి పెట్టడం చట్టప్రకారం నేరం. “మీరు తిండి వేస్తారా?” అని ఫోన్‌లోనే అడగండి. మీ బాబుకి ఒక సంగతి చెప్పండి: వేటాడి వేటాడి అంతరించిపోతున్నాయని 1967లో వీటిని రక్షిత జాబితాలో పెట్టారు, 20 ఏళ్ళకి, 1987లో, కోలుకున్నాయని ప్రకటించారు. వాడు మొసలిని చూసే చూపే మారుతుంది.

ఒకవేళ అత్తయ్యగారువాళ్ళు శాకాహారులైతే పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి. మెనూలో రెడ్ బీన్స్ అండ్ రైస్ చూసి రాజ్మా అన్నం అనుకునేరు, అందులో మామూలుగా సాసేజ్ వేస్తారు.

ప్రశ్న: మేం అట్లాంటాలో ఉంటాం. జూలైలో మా అమ్మానాన్న వస్తున్నారు. లూయిజియానా దాకా వెళ్ళకుండా దగ్గర్లో ఇలాంటిది ఉందా?
– మరో పాఠకురాలు, జార్జియా

జవాబు: ఉంది. మీ రాష్ట్రంలోనే దక్షిణాన ఒకిఫెనోకి అనే స్వాంప్ ఉంది. ఫోక్‌స్టన్ ఊరి పక్కన తూర్పు గేటు. అట్లాంటా నుంచి దాదాపు ఐదు గంటలు. 1937 నుంచి అది కేంద్ర ప్రభుత్వ అభయారణ్యం. పడవ వెళ్ళేది సువానీ కాలువలో. 1890ల్లో ఒక కంపెనీ ఈ స్వాంప్ నీళ్ళన్నీ తోడేసి పొలాలు చేద్దామని తవ్వడం మొదలుపెట్టి, మైళ్ళకొద్దీ తవ్వాక చేతకాక వదిలేసిన కాలువ అది. నీళ్ళు కాఫీ డికాషన్ రంగులో ఉంటాయి, మురికి అనుకోవద్దని మీ అమ్మగారికి ముందే చెప్పండి. ఆకులూ కుళ్ళిన మొక్కలూ నాని దిగిన రంగు అది. జూలైలో మధ్యాహ్నం ఎండా, ఉరుముల వానా రెండూ ఉంటాయి కాబట్టి రోజులో తొలి పడవకే టికెట్ తీసుకోండి. గాలి లేవకముందు ఆ నల్లటి నీళ్ళలో చెట్లు, ఆకాశం తలకిందులుగా, అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి.