ఉగాది దాకా ఆగకండి, మోదుగు ముందే పూస్తుంది

"కష్టకాలంలో వసంతం వస్తున్న గుర్తులు చూస్తే నిజంగా ఊరట కలుగుతుందా?" అని అడిగారు. కలుగుతుంది. కాకపోతే కోయిల కూత కోసమో ఉగాది పచ్చడి కోసమో ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు. ఆ కోయిలను అందరూ ఎందుకంత నెత్తినెక్కించుకుంటారో నాకు అర్థం కాదు, సొంతంగా గూడు కూడా కట్టుకోదు. పంచాంగం లెక్కన వసంతం చైత్రంలో మొదలు. మోదుగు చెట్టుకు పంచాంగంతో పని లేదు. ఇంకా శిశిరం ఉండగానే ఆకు రాల్చి మొగ్గ తొడుగుతుంది. 2019లో ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది. అప్పటికే మా దిక్కు మోదుగు పూలు చాలామటుకు రాలిపోయాయి.

ఆ ఏడు మా బాపుకు, అంటే నాన్నకు, కిడ్నీలు పాడై డయాలిసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు ములుగు నుంచి హన్మకొండకు పల్లెవెలుగు బస్సులో పోయేవాళ్లం. నాలుగు గంటలు మిషన్ మీద, మళ్లీ బస్సు. ఇంట్లో మాటలన్నీ రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత, బరువు ఎంత పెరిగింది, పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు తాగిండు, ఇవే. బాపు అసలే మాట తక్కువ మనిషి. ఆ చలికాలం ఉన్న నాలుగు మాటలు కూడా బంద్ చేశాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఆ తర్వాత ఒకరోజు మల్లంపల్లి దాటాక బస్సు పంచరైంది. అందరం దిగాం. డయాలిసిస్‌కు ఇచ్చిన టైం పోతే మళ్లీ టెక్నీషియన్‌ను బతిమాలాలి కదా అని నేను గడియారం చూసుకుంటూ చిరాకు పడుతున్నా. తిరిగి చూస్తే బాపు లేడు. రోడ్డు దిగి, చేను గట్టు మీది మోదుగు కింద కూర్చుని, రాలిన పూలు ఏరి తువ్వాలలో వేసుకుంటున్నాడు. డయాలిసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తోనే. చిలక ముక్కులా వంగిన ఎర్రటి రేకులు ఉంచుకుని, నల్లటి తొడిమ గిల్లి పారేస్తున్నాడు.

"ఏంది బాపూ, టైమైతుంది" అన్నా.

"కాముని పున్నం దగ్గరవడ్డది. పోరగాండ్లకు రంగు ఎవలు చేస్తరు?" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. కాముని పున్నమంటే హోలీ.

డయాలిసిస్ సెంటర్లో సిస్టర్ ఆ మూట చూసి, "చీమలొస్తయి పెద్దాయనా" అని గుమ్మం బయట పెట్టించింది. నాలుగు గంటలూ బాపు చూపు గుమ్మం మీదే. ఆ రాత్రి గంజులో నీళ్లు పోసి పూలు నానబెట్టాం. తెల్లారి పొయ్యి మీద పెట్టి మరిగించాం. తాగే నీళ్లు కూడా మేం లోటాతో కొలిచి ఇస్తున్న మనిషి, గంజు నిండా నీళ్ల ముందు పీట వేసుకుని కూర్చుని నాకు పని చెప్తున్నాడు. చిటికెడు సున్నం వేస్తే రంగు ముదురుతుంది. నేను కాస్త ఎక్కువ వేయబోతే, "అట్ల ఏస్తరా ఎవలన్న, తెలివి లేదు నీకు" అని కసిరాడు. ఎన్నాళ్లయిందో బాపు నన్ను తిట్టి! నాకు పాణం లేచొచ్చింది.

రోగం తగ్గుతుందన్న ఆశేమీ ఆ పూలు బాపుకు పెట్టలేదు. చేతికి ఒక పని పెట్టాయి, ఆ పనికి ఒక పండుగ గడువు పెట్టాయి. అందుకే నేను గట్టిగా చెప్తా, పూలను ఊరికే చూస్తే చాలదు. హైదరాబాద్‌లో ఫిబ్రవరి, మార్చి వస్తే టబెబుయా చెట్ల గులాబీరంగు పూల కింద సెల్ఫీలు దిగుతారు, పోతారు. ఏరడం లేదు, నానబెట్టడం లేదు, ఇక ఊరట ఎక్కడిది? హోలీకి మళ్లీ ప్యాకెట్ రంగులే కొంటారు. మోదుగంటే విస్తరాకులే గుర్తొచ్చేవాళ్లు కొందరు, ఆ చెట్టు పేరు కూడా తెలియని పిల్లలు ఇంకొందరు. రోడ్డు వెడల్పు చేస్తే దానిమీదా గొడ్డలి పడుతుంది.

ఇంకోటి చెప్పి ఆపుతా. కష్టంలో ఉన్నవాళ్లకు ఊరటనిద్దామని వచ్చేవాళ్లు కొబ్బరిబోండాలు, అరటిపళ్లు పట్టుకొస్తారు. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్లకు అది ఒంట్లో పేరుకుని గుండెకే ముప్పు. మా ఇంటికొచ్చిన చుట్టాలకు ఇది చెప్తే మొహం మాడ్చుకున్నారు, ఒకాయనైతే "ప్రకృతి ఇచ్చింది ఏం చేయదమ్మా" అని నాకే పాఠం చెప్పాడు. మీరు ఎవరినైనా పలకరించడానికి పోతుంటే, తినగలరో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.