పని ప్రదేశాల భద్రతా నిబంధనలు ఎలా వస్తాయి, వాటిని ఎవరు అమలు చేస్తారు?

చట్టం చేయడం ఒక ఎత్తు, దాన్ని పాటించేలా చూడడం మరో ఎత్తు. బ్రిటన్‌లో నూలు మిల్లుల బాల కార్మికుల కోసం 1802లోనే చట్టం వచ్చింది. తనిఖీని స్థానిక మేజిస్ట్రేట్లు నియమించే సందర్శకులకు వదిలేయడంతో అది చాలామటుకు కాగితాలకే పరిమితమైంది. 1833 చట్టం నలుగురు ఇన్‌స్పెక్టర్లను జీతమిచ్చి నియమించింది. అన్ని మిల్లులకూ నలుగురే! అయినా లోపలికి వెళ్లి ప్రశ్నించే అధికారం వారికి ఉండడమే అసలు మలుపు.

నిబంధనలు తరచూ ప్రమాదాల వెనకే నడుస్తాయి. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో మంటలు చెలరేగినప్పుడు మెట్లదారి తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ఫ్యాక్టరీ చట్టాలను కఠినతరం చేసింది. అమెరికా అంతటికీ వర్తించే సమగ్ర చట్టం మాత్రం 1970లో గానీ రాలేదు.

అమలులో నోటీసు, జరిమానా, ప్రాసిక్యూషన్ వంటి మెట్లుంటాయి. నా దృష్టిలో వీటన్నిటికన్నా పదునైనది పని ఆపించే అధికారం. అయితే తనిఖీ సంగతి ముందే తెలిస్తే అదీ పనిచేయదు. పని త్వరగా సాగాలని యంత్రం గార్డును, అంటే చేతులు లోపల పడకుండా కాపాడే అడ్డును, ఊడదీసి గోడకు ఆనించి పెడతారు; తనిఖీ ఉందని తెలిస్తే ఆ ఉదయమే మళ్లీ బిగిస్తారు. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947 నాటి 81వ ఒప్పందంలో, ముందస్తు సమాచారం లేకుండా వెళ్లే హక్కు ఇన్‌స్పెక్టర్లకు ఇచ్చింది. ఫిర్యాదు ఎవరు చేశారో యజమానికి చెప్పకూడదని కూడా అందులోనే ఉంది.