షెల్ స్క్రిప్ట్‌తో ఆఫీస్ ఫైళ్లు తెరుస్తుంటే కొన్ని మాత్రమే తెరుచుకుంటున్నాయా?

రోజూ చూసే ఐదారు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లని ఒక్క కమాండ్‌తో తెరవాలని లినక్స్‌లో చిన్న స్క్రిప్ట్ రాశానని, కొన్ని తెరుచుకుంటున్నా కొన్నిటికి మాత్రం ఫైల్ లేదని వస్తోందని అడిగారు. ఫోల్డర్‌లో ఫైల్ కళ్లెదురుగా కనబడుతుంటే లేదంటుంది కాబట్టి టెన్షన్ వస్తుంది, నిజమే. నేనూ ఇక్కడే ఒక పూటంతా ఇరుక్కున్నాను.

తెరుచుకోని ఫైళ్ల పేర్లు ఒకసారి చూడండి, మధ్యలో ఖాళీ ఉందా? నా ఫైల్ పేరు "మార్చి ఖర్చులు ఫైనల్". టెర్మినల్‌లో దాన్ని కోట్స్‌లో పెట్టే ఇచ్చాను, అందుకే తప్పు ఇంకెక్కడో ఉందనుకున్నాను. కానీ స్క్రిప్ట్ లోపల ఉత్త $1 (స్క్రిప్ట్‌కి మనం ఇచ్చిన మొదటి పేరు అని అర్థం) అని రాసి ఉంది. బయట మనం పెట్టిన కోట్స్ స్క్రిప్ట్ లోపలికి రావు, అక్కడ షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రామ్) ఆ పేరుని మళ్లీ ఖాళీల దగ్గర విడగొడుతుంది. దాంతో లిబ్రేఆఫీస్ (లినక్స్‌లో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్) "మార్చి" అనే ఫైల్‌ని, "ఖర్చులు" అనే ఫైల్‌ని, "ఫైనల్" అనే ఫైల్‌ని విడివిడిగా వెతికి, ఏదీ లేదని చెప్పింది. స్క్రిప్ట్‌లో "$1" అని డబుల్ కోట్స్ పెట్టగానే తెరుచుకుంది. ఎన్ని ఫైళ్లిచ్చినా తీసుకోవాలంటే $1 బదులు "$@" వాడండి, దానికీ కోట్స్ తప్పనిసరి.

ఇక ఏ కమాండ్ వాడాలన్నది. ఎక్స్‌డీజీ-ఓపెన్ అయితే ఆ రకం ఫైల్‌కి డిఫాల్ట్‌గా ఉన్న ప్రోగ్రామ్‌లో తెరుస్తుంది, కానీ ఒకసారికి ఒక్క ఫైలే తీసుకుంటుంది, అంటే ఒక్కో ఫైల్‌కీ కమాండ్‌ని మళ్లీ నడిపే లూప్ రాయాలి. మీవన్నీ ఆఫీస్ ఫైళ్లే కదా, లూప్ అక్కర్లేదు, లిబ్రేఆఫీస్ కమాండ్‌కే "$@" ఇచ్చేయండి, అన్నీ ఒకేసారి తెరుస్తుంది. చివర్లో & పెడితే టెర్మినల్ మళ్లీ మన చేతికొస్తుంది. టెర్మినల్ మూసినా ఫైళ్లు మూతపడకూడదనుకుంటే కమాండ్ ముందు సెట్‌ఎస్‌ఐడీ గానీ నోహప్ గానీ చేర్చండి. మార్చే పని లేకుండా చూడటానికే అయితే --వ్యూ ఆప్షన్ ఉంది, పొరపాటున ఏదైనా టైప్ అయి సేవ్ అయిపోతుందన్న భయం ఉండదు. నేను పాత లెక్కల ఫైళ్లన్నీ అలాగే తెరుస్తాను. మ్యాక్‌లో ఇదే పనికి ఓపెన్, విండోస్‌లో స్టార్ట్. విండోస్ స్టార్ట్‌లో ఒక తిరకాసు ఉంది, కోట్స్‌లో మొదట ఇచ్చినదాన్ని అది విండో టైటిల్ అనుకుంటుంది, అందుకని ఫైల్ పేరుకి ముందు ఉత్త "" పెట్టాలి.

ఫోల్డర్‌లో ఉన్న డాక్స్ (.docx) ఫైళ్లన్నీ నక్షత్రం గుర్తుతో (*.docx అని) తెరుస్తున్నారా? ఆ ఫోల్డర్‌ని వర్డ్ వాడేవాళ్లు కూడా పంచుకుంటుంటే ~$ తో మొదలయ్యే చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. ఎవరో ఆ డాక్యుమెంట్ తెరిచి ఉన్నారని వర్డ్ పెట్టుకునే గుర్తు అది. దాని పేరు చివర కూడా డాక్స్ అనే ఉంటుంది కాబట్టి స్క్రిప్ట్ దాన్నీ తెరవబోతుంది, అందుకే నేను లూప్‌లో ~ తో మొదలయ్యే పేర్లని వదిలేయిస్తాను.

తెరవడం కుదిరాక చాలామంది పీడీఎఫ్‌గా మార్చడానికి వెళ్తారు, మీరూ వెళ్తారు. --హెడ్‌లెస్, --కన్వర్ట్-టు పీడీఎఫ్ ఇస్తే విండో తెరవకుండానే మారుస్తుంది, --అవుట్‌డిర్ ఇస్తే చెప్పిన ఫోల్డర్‌లో పెడుతుంది. నేను ఒకసారి ఇరవై ఫైళ్లకి ఇది నడిపితే ఎర్రర్ లేదు, పీడీఎఫ్ కూడా లేదు. స్క్రిప్ట్‌ని మళ్లీ మళ్లీ చదివాను, అందులో తప్పేమీ లేదు. పక్కన లిబ్రేఆఫీస్ విండో ఒకటి తెరిచి ఉంది, అంతే. ఆ విండో, నా కమాండ్ రెండూ ఒకే ప్రొఫైల్ (లిబ్రేఆఫీస్ తన సెట్టింగ్స్ దాచుకునే ఫోల్డర్) వాడతాయి, నా కమాండ్ అప్పటికే నడుస్తున్నదాని దగ్గరికి వెళ్లిపోయి అక్కడే ఆగిపోయింది. విండో మూసి నడిపితే ఇరవై పీడీఎఫ్‌లూ వచ్చాయి. ప్రతిసారీ మూయడం కుదరదనుకుంటే -ఎన్వ్ తర్వాత యూజర్‌ఇన్‌స్టలేషన్ అని చెప్పి వేరే ఫోల్డర్‌ని ప్రొఫైల్‌గా ఇవ్వండి (ఇంగ్లీష్‌లో టైప్ చేసేటప్పుడు యూజర్‌లో యూ, ఇన్‌స్టలేషన్‌లో ఐ పెద్ద అక్షరాలు). ఇప్పుడు నా స్క్రిప్ట్‌లో అది ఎప్పుడూ ఉంటుంది.

కోట్స్ పెట్టాక కూడా ఏదైనా ఫైల్ తెరుచుకోకపోతే ఆ ఫైల్ పేరు, స్క్రిప్ట్‌లోని ఆ లైన్ ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, చూస్తాను.