తొమ్మిదో తరగతిలో హ్యూమన్ జాగ్రఫీ: మానిపించాలా, కొనసాగించాలా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో ఏపీ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) హ్యూమన్ జాగ్రఫీ తీసుకున్నాడు. మొదటి యూనిట్ టెస్టులో 68 వచ్చింది. ఇంతవరకూ ఏ సబ్జెక్టులోనూ వాడికి 90 తగ్గలేదు. చదవలేదా అంటే, పదాలన్నీ ఫ్లాష్‌కార్డుల మీద రాసుకుని మరీ బట్టీ పట్టాడు. మా వారు "కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి జాగ్రఫీ ఏపీ ఎందుకు, డ్రాప్ చేయించి మామూలు క్లాసులో వేద్దాం" అంటున్నారు. ముందు ముందు దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా? ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే డ్రాప్ చేయించకండమ్మా. కనీసం రెండో యూనిట్ టెస్టు దాకా ఆగండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పిల్లాడికి పదాలు రాక 68 రాలేదు, పదాలు మాత్రమే వచ్చి ఉండటం వల్ల వచ్చింది. ఇది నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను. మన పిల్లలు సోషల్ అనగానే బట్టీ సబ్జెక్టు అనుకుంటారు, దానికి సగం కారణం మనమే, ఎందుకంటే మనం అలాగే చదివి వచ్చాం. ఈ కోర్సులో నిర్వచనం రాసినందుకు వచ్చే మార్కులు తక్కువ, దాన్ని ఒక మ్యాపు మీద పెట్టి వాడగలిగినందుకు వచ్చే మార్కులు ఎక్కువ.

కోర్సులో మొత్తం ఏడు యూనిట్లు. మొదటిది భౌగోళికంగా ఆలోచించడం, తర్వాత వరసగా జనాభా-వలసలు, సంస్కృతి, రాజకీయాలు, వ్యవసాయం, నగరాలు, పరిశ్రమలు-ఆర్థికాభివృద్ధి. మే నెల పరీక్షలో మొదటి యూనిట్ వాటా 8 నుంచి 10 శాతమే కాబట్టి పోతే పోయిందిలే అనిపిస్తుంది. కానీ మిగతా ఆరు యూనిట్లలో కూడా చాలా ప్రశ్నలు ఏదో ఒక మ్యాపు, టేబులు, గ్రాఫు ఇచ్చి అడుగుతారు, వాటిని చదవడం నేర్పేది ఈ మొదటి యూనిట్టే. ఇక్కడ పట్టు చిక్కకపోతే ఏడాదంతా ఏదో అర్థం కానట్టే ఉంటుంది.

ముందు ఆ టెస్టు పేపరు తెప్పించుకుని, ఏ ప్రశ్నలు తప్పాడో వాడి పక్కన కూర్చుని చూడండి. నా అనుభవంలో ఎక్కువ మంది తడబడేది స్కేల్ దగ్గర. అది ఒకటి కాదు, రెండు వేర్వేరు విషయాలు. ఒకటి మ్యాపు స్కేలు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వేసే టోపో మ్యాపుల స్కేలు 1:24,000, అంటే మ్యాపు మీద ఒక అంగుళం నేల మీద 2,000 అడుగులు. మన సర్వే ఆఫ్ ఇండియా షీట్లు 1:50,000, రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ప్రపంచ పటం కోట్లలో ఉంటుంది. వీటిలో ఏది లార్జ్ స్కేల్ అని అడిగితే పిల్లలు ప్రపంచ పటం అంటారు, పెద్ద ప్రదేశాన్ని చూపిస్తోంది కదా అని. భిన్నంగా చూడమనండి, ఇరవై నాలుగు వేలలో ఒక వంతు పెద్దదా, కోటిలో ఒక వంతు పెద్దదా? లార్జ్ స్కేల్ మ్యాపు చిన్న ప్రదేశాన్నే చూపిస్తుంది, కానీ వీధులతో సహా చూపిస్తుంది. ఇంకో చిన్న పరీక్ష పెట్టండి. మ్యాపును జిరాక్సులో రెండింతలు పెద్దది చేస్తే కింద రాసి ఉన్న 1:24,000 తప్పయిపోతుంది, గీత రూపంలో గీసిన స్కేలు మాత్రం మ్యాపుతో పాటే సాగుతుంది కాబట్టి సరిగ్గానే ఉంటుంది. ఎందుకో వాడు సొంత మాటల్లో చెప్పగలిగితే ఆ ముక్క వచ్చేసినట్టే.

రెండోది విశ్లేషణ స్కేలు, అసలు తిప్పలు దీని దగ్గరే. దేశానికో రంగు వేసిన ప్రపంచ పటం ఇచ్చి, ఇందులో సమాచారం ఏ స్థాయిలో ఉంది అని అడుగుతారు. మ్యాపు ప్రపంచానిది కాబట్టి పిల్లలు ప్రపంచ స్థాయి అని పెట్టేస్తారు. రంగు దేశానికొకటి కాబట్టి అది జాతీయ స్థాయి సమాచారం, ఆ దేశం లోపల ఏముందో ఆ మ్యాపు చెప్పదు. దీనికి మీ ఇంట్లో తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణ మన తెలంగాణే. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతం అక్షరాస్యత సుమారు 66 శాతం. జిల్లా స్థాయికి దిగితే హైదరాబాదు 83, అప్పటి మహబూబ్‌నగర్ 55. ఒకే సమాచారం, స్థాయి మారితే కథ మారిపోయింది. ఇంకొంచెం ముందుకు వెళ్లండి. 2016లో పది జిల్లాలను 31 చేశారు, 2019లో 33 అయ్యాయి, పాత మహబూబ్‌నగర్ ఇప్పుడు పలు జిల్లాల్లో ఉంది. అదే 2011 లెక్కను కొత్త సరిహద్దులతో మళ్లీ రంగులేస్తే మ్యాపు వేరేలా కనిపిస్తుంది, జనం మాత్రం వాళ్లే. సరిహద్దు ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందన్న ఈ సంగతి నాలుగో యూనిట్లో టెక్సాస్‌లోని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గాల దగ్గర మళ్లీ వస్తుంది, 2020 లెక్కల తర్వాత ఆ రాష్ట్రానికి సీట్లు 36 నుంచి 38 అయ్యాయి కదా, గీతల గొడవ మీరు వార్తల్లో చూసే ఉంటారు.

తర్వాత తడబడేది, ఏ రకం మ్యాపు ఏం చెప్పగలదు అన్న దగ్గర. రంగుల షేడ్లతో వేసే కోరోప్లెత్ మ్యాపు చూడ్డానికి సులువు, మోసపోవడానికి ఇంకా సులువు. మీ టెక్సాస్‌లోనే లవింగ్ కౌంటీ అని ఒకటుంది, 2020 సెన్సస్‌లో అక్కడి జనాభా 64 మంది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 47 లక్షల మందికి పైగా. కౌంటీలవారీ రంగుల మ్యాపులో లవింగ్ కూడా బాగా కనిపించేంత చోటు ఆక్రమిస్తుంది, అక్కడ లక్షల మంది ఉన్నట్టే అనిపిస్తుంది. అదే వెయ్యి మందికో చుక్క పెట్టే డాట్ మ్యాపులో లవింగ్‌లో ఒక్క చుక్కా పడదు, హారిస్ నిండిపోతుంది. మీవాడి చేత ఒక శనివారం ఈ రెండు మ్యాపులూ వేయించండి. సెన్సస్ డేటా ఉచితం, క్యూజీఐఎస్ అనే మ్యాపులు వేసే సాఫ్ట్‌వేరూ ఉచితమే, కంప్యూటర్ ఇష్టమున్న పిల్లాడు కాబట్టి కూర్చుంటే లేవడు. ఆ పని మీద ఉండగానే, రంగుల మ్యాపులో మొత్తం సంఖ్యలు వేయకూడదు, శాతమో సాంద్రతో వేయాలి అన్న సూత్రం ఎవరూ చెప్పకుండానే వాడికే తడుతుంది.

ప్రొజెక్షన్ల గురించి, అంటే గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచే పద్ధతుల గురించి ఎక్కువ చెప్పను, పిల్లలకు అది త్వరగానే పట్టుబడుతుంది. 1569 నాటి మెర్కేటర్ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. గ్రీన్‌లాండ్ మన ఇండియా కన్నా కూడా చిన్నది. ఓడలు దిక్కు తప్పకుండా వెళ్లడానికి మెర్కేటర్ కోణాలు సరిగ్గా ఉంచాడు, దానికి బదులుగా వైశాల్యం పోయింది. ఏ ప్రొజెక్షన్ అయినా ఏదో ఒకటి కాపాడి ఇంకొకటి వదులుకుంటుంది, ఏది వదులుకుందో చెప్పగలిగితే చాలు.

ఇక రాత ప్రశ్నలు. పరీక్షలో గంటలో 60 బిట్లు, 75 నిమిషాల్లో మూడు రాత ప్రశ్నలు, చెరి సగం మార్కులు, 2025 నుంచి అంతా కంప్యూటర్ మీదే. రాత ప్రశ్నలో 'గుర్తించు', 'వర్ణించు', 'వివరించు' అన్న క్రియలు చూసి రాయాలి. వివరించమంటే కారణం రావాలి, 'ఎందుకంటే' లేని వాక్యానికి మార్కు పడదు. న్యూ ఆర్లీన్స్‌ను తీసుకుని సైట్, సిచ్యుయేషన్ వివరించమన్నారనుకోండి. బట్టీ పట్టిన పిల్లాడు 'సైట్ అంటే ఆ చోటి భౌతిక లక్షణాలు, సిచ్యుయేషన్ అంటే ఇతర చోట్లతో దానికున్న సంబంధం' అని రాసి ఆగిపోతాడు. అది నిర్వచనం, వివరణ కాదు. కావలసింది ఇలా ఉంటుంది: 'న్యూ ఆర్లీన్స్ సైట్ చెడ్డది, నగరంలో చాలా భాగం సముద్రమట్టానికి కింద ఉంది, అందుకే 2005లో కత్రినా తుపానుకు కట్టలు తెగి దాదాపు 80 శాతం మునిగిపోయింది. అయినా నగరాన్ని వదిలేయలేదు, ఎందుకంటే దాని సిచ్యుయేషన్ గొప్పది. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉండటంతో దేశం మధ్య భాగంలో పండిన ధాన్యం పడవల మీద వచ్చి ఇక్కడే ఓడలకెక్కుతుంది.' చూశారా, రెండు మాటలూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నాయి, జవాబుకు బలం అక్కడే వచ్చింది.

ఇలాంటిది ఇంట్లో మన ఊళ్లతో చేయించండి, ఇందులో ఏ ట్యూషన్ సెంటరు కన్నా మీరే నయం. విజయవాడనే తీసుకోండి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో కృష్ణ ఇరుకవుతుంది, అందుకే 1855లో ఆనకట్ట అక్కడే కట్టారు, 1957లో ప్రకాశం బ్యారేజీ కూడా అక్కడే వచ్చింది. అది సైట్. చెన్నై నుంచి హౌరా వెళ్లే రైలు మార్గం, కాజీపేట మీదుగా ఢిల్లీ వెళ్లే మార్గం అక్కడ కలుస్తాయి, 16వ, 65వ జాతీయ రహదారులు కూడా అంతే. అది సిచ్యుయేషన్. ఇక మీ సొంతూరు ఏదైతే దాని గురించి వాణ్ని అడగనివ్వండి, ఊరు అక్కడే ఎందుకు వెలిసింది, సంత ఎక్కడ జరిగేది, బస్సు ఎటు వెళ్లేది అని. పనిలో పనిగా తాతగారికి ఫోన్ చేయించండి, వాళ్ల దగ్గర దొరికే జవాబులు టెక్స్ట్‌బుక్కులో లేవు.

ప్రాంతాల రకాలు కూడా ఇలాగే వచ్చేస్తాయి. కోనసీమ అని మనం తరతరాలుగా అంటున్నాం, దానికి గీసిన గీత అంటూ లేదు, అది జనం మనసులో ఉన్న ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలను 26 చేసినప్పుడు ఆ పేరుతో జిల్లా వచ్చింది, ఇప్పుడు గీత ఉన్న అధికారిక ప్రాంతం కూడా ఉంది. మీ డల్లాస్‌లో డార్ట్ రైళ్లూ బస్సులూ తిరిగే మేర అంతా ఒక కేంద్రం చుట్టూ పనిచేసే ప్రాంతం. మీరంతా కలిసి అక్కడ బతుకమ్మ ఆడితే అది మనుషులతో పాటు వలస వచ్చిన సంస్కృతి, మెక్‌డొనాల్డ్స్ ఇండియాకు వచ్చి ఆలూ టిక్కీ బర్గర్ పెడితే అది ఆలోచన వచ్చి స్థానికంగా రూపం మార్చుకోవడం. సంస్కృతి వ్యాపించే రకాల్లో రెండు ఇవి.

మీ వారి ప్రశ్నకు వస్తాను, అది సరైన ప్రశ్నే. కంప్యూటర్ సైన్స్‌లో అందరూ చదివే డైక్‌స్ట్రా అల్గారిథం ఎలా పుట్టిందో ఆయనకు గుర్తుచేయండి. 1956లో నెదర్లాండ్స్ నగరాల మ్యాపు తీసుకుని రోటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు దగ్గర దారి ఏది అన్న లెక్కతో మొదలైంది. ఇవాళ డెలివరీ కంపెనీలు, వరద బీమా, ప్రజారోగ్యం, ట్రాఫిక్, ఎక్కడ చూసినా డేటాలో చోటు ఉంటుంది. కోడ్ రాయగలిగినవాళ్లు బోలెడు మంది, ఆ కోడ్ వేసిన మ్యాపు అబద్ధం చెబుతోందని పట్టుకోగలిగినవాళ్లు తక్కువ. మీవాడు జాగ్రఫర్ అయిపోవాలని నేననడం లేదు. పైథాన్ వచ్చినవాడికి జీఐఎస్ (మ్యాపుల డేటాను కంప్యూటర్లో విశ్లేషించే పద్ధతి) కూడా వస్తే ఇంటర్న్‌షిప్‌ల కోసం తట్టడానికి ఇంకో నాలుగు తలుపులు ఉంటాయి. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి, అమెరికాలో ఈ రంగంలో ఫెడరల్ సంస్థల ఉద్యోగాలు చాలా ఉంటాయి, వాటిలో ఎక్కువ వాటికి పౌరసత్వం అడుగుతారు. అబ్బాయి ఇంకా డిపెండెంట్ వీసా మీద ఉంటే ఆ లెక్క వేసుకుని ప్రైవేటు, యూనివర్సిటీ దారులు చూసుకోవాలి. ఇండియా వైపు చూస్తే హైదరాబాదులో బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నాయి, 2021లో మ్యాపుల డేటా మీద నిబంధనలు సడలించాక ప్రైవేటు కంపెనీలకూ దారి తెరుచుకుంది.

కాలేజీ క్రెడిట్ సంగతి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మామూలుగా మే పరీక్షలో ఐదుకు 3 వచ్చినా క్రెడిట్ ఇస్తారు, కానీ అది వాడు తీసుకోబోయే డిగ్రీకి లెక్కలోకి వస్తుందా లేదా అన్నది ఆ యూనివర్సిటీ పేజీలో చూసుకోవాలి. క్రెడిట్ కోసమే ఈ కోర్సు చదివించకండి.

ఇప్పుడు చేయాల్సింది. రెండో యూనిట్ జనాభా. ఫ్లాష్‌కార్డులు పక్కన పెట్టించి, ప్రతి మాటకూ ఒక నిజమైన చోటు, ఒక 'ఎందుకంటే' రాయమనండి. సాగుభూమి మీద లెక్కేసే సాంద్రత అని వస్తే ఈజిప్టు రాయాలి, దేశం పెద్దదే కానీ దాదాపు అంతా ఎడారి, జనంలో చాలా మంది నైలు నది పక్కనే, అందుకే మామూలు సాంద్రత తక్కువగా కనిపించినా సాగుభూమి లెక్కన చూస్తే విపరీతంగా ఉంటుంది. ఇలా మూడు వారాలు చదివాక కూడా మార్కు కదలకపోతే, లేదా వాడికి ఇప్పటికే ఇంకో రెండు ఏపీలుండి రాత్రి పన్నెండు దాటుతుంటే, అప్పుడు మామూలు క్లాసుకు మారడంలో నామోషీ ఏమీ లేదు. అది తేల్చుకునేలోపు గడువు దాటిపోకుండా, డ్రాప్ చేయడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, మారితే ట్రాన్స్‌క్రిప్టులో ఏమని పడుతుంది, క్లాస్ ర్యాంకు మీద ఎంత ప్రభావం ఉంటుంది అన్న మూడు ప్రశ్నలూ ఈ వారమే స్కూల్ కౌన్సిలర్‌కు మెయిల్ పెట్టి అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.