జానపద పాటతో బతకొచ్చా? ముందు ఆ అగ్రిమెంట్ చదవండి

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా. మా అమ్మాయి బీఏ రెండో సంవత్సరం. జానపద బాణీల్లో సొంతంగా పాటలు రాసి పాడుతుంది. పోయినేడు ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు తన పాట ఒకటి తీసుకుని షూట్ చేసి 8 వేలు ఇచ్చారు. దానికి లక్షల్లో వ్యూస్ వచ్చాయి. ఇప్పుడు మూడేళ్లకు అగ్రిమెంట్ రాసుకుందాం, నెలకో పాట ఇవ్వాలి అంటున్నారు. అమ్మాయేమో చదువు ఆపేసి ఇందులోకే వస్తానంటోంది. ఇది నిలబడే పనేనా? సంతకం పెట్టనివ్వమంటారా?

జవాబు: ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి. చదువూ ఆపనివ్వకండి. పాట మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

అమ్మాయికి గొంతుందా లేదా అన్న అనుమానం అక్కర్లేదు, అది జనం తేల్చేశారు. తేలాల్సింది ఆ పాట ఎవరిదన్నది. ఈ పనిలో మంచి గొంతులు వెనకబడేది చాలాసార్లు ఇక్కడే. పాట ఊరూరా మోగుతుంది, రాసినవాళ్ల చేతిలో చిన్న కాగితం కూడా ఉండదు.

ఒక్క పాటలో మూడు వేర్వేరు ఆస్తులున్నాయని మీరిద్దరూ ముందు గుర్తుపెట్టుకోండి: సాహిత్యం, బాణీ, రికార్డింగు. రాసినవాళ్లది సాహిత్యం, కట్టినవాళ్లది బాణీ, పూనుకుని డబ్బు పెట్టి రికార్డు చేయించినవాళ్లది రికార్డింగు. పాడినందుకు గాయనికి ఇంకో హక్కు విడిగా ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి పోయినేడు పాటలో రికార్డింగు, వీడియో ఛానల్ వాళ్లవి. సాహిత్యమూ, సొంతంగా కట్టి ఉంటే బాణీ కూడా, అమ్మాయివే. 8 వేలు తీసుకున్నంత మాత్రాన అవి చేతులు మారవు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసిచ్చేది కాగితం మీద, ఇచ్చేవాళ్ల సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. నోటిమాట చెల్లదు. అయితే డబ్బులిచ్చేటప్పుడు వోచర్ మీద సంతకం తీసుకోవడం మామూలే. ఆ వోచర్‌లో ‘సర్వహక్కులు’ అన్న మాట ఉందేమో ఈ రోజే వెతికి చూడండి. కాపీ ఇవ్వకపోతే అడిగి తెచ్చుకోండి.

ఇక వాళ్లు ఇచ్చిన మూడేళ్ల అగ్రిమెంట్. అందులో ‘మూడేళ్లు’ అన్నది దేనికి? అమ్మాయి వాళ్లకు పాటలివ్వాల్సిన గడువుకా, ఆ పాటల మీద వాళ్లకుండే హక్కుకా? ఎక్కువమంది దెబ్బతినేది ఈ తేడా దగ్గరే. పాటలిచ్చే గడువు మూడేళ్లని ఒక చోట, హక్కు శాశ్వతమని ఇంకో పేజీలో ఉండొచ్చు. హక్కు ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే తయారుగా ఉండే అగ్రిమెంట్లలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఆ మాటను కొట్టేయించి, హక్కు బదిలీకి బదులు ‘ఈ వీడియోలో వాడుకోవడానికి ఇన్నేళ్ల లైసెన్స్’ (అంటే వాడుకునే అనుమతి మాత్రమే) అని రాయించుకోండి.

నెలకో పాట అన్నారు కదా, దానికి నెలజీతం లాంటిది ఇస్తామంటే మరీ జాగ్రత్త. అగ్రిమెంట్ ఆమెను ఉద్యోగిగా చూపిస్తే, ఉద్యోగంలో భాగంగా రాసిన పాటకు మొదటి హక్కుదారు యజమానే అవుతాడు, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ‘బయట ఎక్కడా పాడకూడదు’ అన్న షరతు ప్రోగ్రాములకు కూడా వర్తిస్తుందా, ఆమె సొంత ఛానల్‌కూ వర్తిస్తుందా అన్నది విడిగా తేల్చుకోండి. ఆదాయంలో వాటా ఇస్తామంటే, ఖర్చులు పోగా మిగిలినదాంట్లోనా, వచ్చిన మొత్తంలోనా? ఖర్చులు పోగా అంటే ఆ ఖర్చు లెక్క రాసేది వాళ్లే. ప్రతి నెలా యాడ్‌సెన్స్ రిపోర్టు (యూట్యూబ్ యాడ్స్ డబ్బు లెక్క) చూపించాలని రాయించండి. డీజే మిక్సులకు, ఆమె గొంతును కంప్యూటర్‌తో అనుకరించి కొత్త పాటలు చేయడానికి, రాతపూర్వక అనుమతి ఉండాలన్న లైను కూడా ఇప్పుడు తప్పనిసరి.

మీకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. 2012లో చట్టం మార్చాక, పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు వచ్చే రాయల్టీలో (పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో) సమాన వాటాను సంతకం పెట్టించుకుని కూడా లాక్కోలేరు. ఆ వాటా ఐపీఆర్‌ఎస్ ద్వారా వస్తుంది, అది రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ. 1969లో ఏర్పడిన ఈ సంస్థలో గీతరచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకోవచ్చు. పాన్, బ్యాంకు వివరాలు, విడుదలైన పాటల జాబితా దగ్గర పెట్టుకుని దరఖాస్తు చేయించండి. చేరగానే పని అయిపోదు. ప్రతి పాటను, ఎవరి వాటా ఎంతో సహా నమోదు చేయాలి. నమోదు చేయని పాటకు డబ్బు వచ్చినా అది ఎవరిదో తెలియక అక్కడే ఆగిపోతుంది. గాయకుల హక్కులకు విడిగా ఇస్రా అనే సంస్థ ఉంది, ఇప్పుడు ఇసామ్రా అంటున్నారు.

జానపదంలోనే ఉండే చిక్కు మరొకటి. బతుకమ్మ ఉయ్యాల వరసలో, కోలాటం నడకలో కొత్త మాటలు పెడితే, ఆ మాటలు అమ్మాయివి, వరస అందరిదీ. దాన్ని ‘నా ట్యూన్’ అని రాసుకోకూడదు. అది అన్యాయమే కాదు, యూట్యూబ్‌లో అదే వరసతో ఉన్న వేరే వీడియోలతో క్లెయిముల (‘ఇది మాది’ అనే ఫిర్యాదుల) గొడవ కూడా తెస్తుంది. ఏ అవ్వ దగ్గరో, ఏ ఊళ్లోనో విని తెచ్చుకున్న పల్లవైతే ‘సేకరణ’ అని వేసి ఆ అవ్వ పేరు, ఊరు పెట్టండి, వచ్చినదాంట్లో ఆమెకు ఇంత అని ముందే మాట్లాడుకోండి. కొట్టివేతలతో సహా రాతపుస్తకం, తేదీతో ఫోన్‌లో పాడిన మొదటి రికార్డింగు దాచుకోవాలి. కాపీరైటు నమోదు తప్పనిసరి కాదు. కానీ తగువు వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. దాని ఫీజు సాహిత్యానికి 500, సంగీతానికి 500, సౌండ్ రికార్డింగుకు 2,000 రూపాయలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. అన్ని పాటలకూ అక్కర్లేదు, బాగా నడిచేవాటికి చేయించండి.

ఇక సొంతంగా పాట చేసుకోవడం. మొదటి తప్పు శ్రుతి దగ్గర జరుగుతుంది. ఆరుబయట పదిమంది మధ్య పాడే అలవాటున్న గొంతు స్టూడియోలో కూడా పైశ్రుతి అడుగుతుంది. ఒక పాటకు అది మెరుపులా వినిపిస్తుంది కూడా. అదే శ్రుతిలో ట్రాక్ (వాయిద్యాల రికార్డింగు) చేయించుకుంటే జాతర స్టేజీ మీద రెండు గంటలు పాడేసరికి గొంతు బొంగురుపోతుంది. ట్రాక్ కట్టకముందే మూడు చరణాలు ఆపకుండా వరసగా రెండుసార్లు పాడించి చూడండి. రెండోసారి పల్లవి పై స్థాయిలో గొంతు పట్టేస్తే ఒక స్వరం దించండి.

రెండోది డప్పు. డప్పు చర్మం మంట సెగకు బిగిసి మోగుతుంది. ఏసీ స్టూడియోలో, అందులోనూ వానాకాలం, చర్మం చల్లబడి వదులై, దరువు ‘ధన్’ మనకుండా ‘బద్’ మంటుంది. అప్పుడు సౌండ్ ఇంజినీరు దాన్ని పక్కన పెట్టి కీబోర్డు లూప్ వేస్తాడు. మీ పాట మిగతా వంద పాటల్లా వినిపించడానికి ఇదొక పెద్ద కారణం. ప్రతి టేక్‌కూ ముందు బయట డప్పు కాచి తేవాలి, గొంతు, కోరస్ కాకుండా డప్పును విడిగా రికార్డు చేయాలి, మైకును డప్పుకు అతిదగ్గరగా పెట్టకూడదు. ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత బీట్ల మీద పాట కడితే ఆదాయం ఎవరికో పోయే ప్రమాదం ఉంది. అదే బీటును ఇంకొకరు ముందే కంటెంట్ ఐడీలో (ఒకేలా ఉన్న ఆడియోను పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థలో) పెట్టి ఉంటే మీ పాట మీద క్లెయిమ్ పడుతుంది. పని అయ్యాక స్టూడియో నుంచి చివరి మిక్స్ ఒక్కటే కాదు, గొంతు, కోరస్, డప్పు, మిగతా వాయిద్యాలు విడివిడిగా వేవ్ ఫైళ్లుగా తెచ్చుకోవాలి. స్టేజీకి గొంతు లేని ట్రాక్ వాటితోనే వస్తుంది.

డబ్బు సంగతికొస్తే, సొంత ఛానల్ ఆదాయం మీద మొదటి రెండేళ్లు ఆశ పెట్టుకోవద్దు. యాడ్స్ ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. (షార్ట్స్ దారిలో అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్.) నాలుగు నిమిషాల పాటను సగటున రెండు నిమిషాలు చూస్తారనుకుంటే, 4,000 గంటలకు 1,20,000 వ్యూస్ పడాలి. ఆ తర్వాత కూడా 100 డాలర్లు జమ అయితేగానీ బ్యాంకులో పడవు. నిజంగా ఇల్లు గడిపేది ప్రోగ్రాములు. ఆషాఢంలో బోనాలు, భాద్రపద అమావాస్య నుంచి బతుకమ్మ, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం, అవి కాక పెళ్లిళ్లు. బతుకమ్మ పాట ఎంగిలిపూల రోజు, అంటే పండగ మొదటి రోజు, విడుదల చేస్తే ఆలస్యమైనట్టే. మూడు నాలుగు వారాల ముందే జనంలో పడితేనే ఆడపిల్లలు నేర్చుకుని ఆడతారు. అంటే శ్రావణానికల్లా రికార్డింగు పూర్తవ్వాలి.

ప్రోగ్రాముకు సగం అడ్వాన్సు, రానుపోను ఖర్చు, సౌండ్ సిస్టమ్ ఎవరిదో వాట్సాప్‌లోనైనా రాతలో ఉండాలి. జానపద కళాకారుల ప్రదర్శనకు పారితోషికం 1.5 లక్షలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) కోసిన ప్రతిచోటా సర్టిఫికెట్ అడగండి, రిటర్ను వేస్తే తిరిగొచ్చే డబ్బది. రేపు అమెరికా తెలుగు సంఘాల నుంచి పిలుపు వస్తే, పారితోషికం తీసుకుని పాడటానికి విజిటర్ వీసా పనికిరాదు. జానపదం లాంటి కళలకు పీ-3 అనే వీసా ఉంది, నిర్వాహకులే దరఖాస్తు పెట్టాలి.

డిగ్రీ ఎందుకు ఆపొద్దంటున్నామంటే, పాటకు పక్కనే ఉన్న చాలా దారులకు అది తలుపు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది, డిగ్రీ తర్వాత ఏయే కోర్సులున్నాయో వెళ్లి కనుక్కోండి. ఆకాశవాణి జానపద ఆడిషన్‌లో గ్రేడు వస్తే ప్రభుత్వ కార్యక్రమాల్లో దానికి విలువ ఉంటుంది. 18 నుంచి 25 ఏళ్లవారికి సీసీఆర్‌టీ అనే కేంద్ర సాంస్కృతిక సంస్థ ద్వారా కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. జానపదమూ అందులో ఉంది. కనీసం ఐదేళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలన్నది షరతు. ఊళ్లో ఒగ్గు కథకుల దగ్గరో, శారద కథకుల దగ్గరో అమ్మాయి నేర్చుకుని ఉంటే, ఆ గురువు చేత ఇప్పుడే రాయించి ఉంచండి.

ఛానల్ వాళ్లతో గొడవ పెట్టుకోమని మేం అనడం లేదు. వాళ్ల దగ్గర కెమెరా ఉంది, ప్రేక్షకులున్నారు, అది చిన్న సంగతి కాదు. మూడేళ్ల మాట పక్కనపెట్టి రెండు పాటలకు ప్రతిపాదించండి. రికార్డింగు, వీడియో వాళ్లవి, సాహిత్యం, సొంతంగా కట్టినదైతే బాణీ కూడా, అమ్మాయివి, లైసెన్స్ ఐదేళ్లు, వీడియో కింద రచన, గానం దగ్గర, బాణీ సొంతమైతే అక్కడా, ఆమె పేరు. వాళ్లు వెంటనే ఒప్పుకోకపోవచ్చు, రెండు మూడు వారాలు ఆగండి. ఈలోపు ఆ పాత వోచర్‌ను, కొత్త అగ్రిమెంట్‌ను కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన లాయరుకు చూపించండి. మీతో పాటు అమ్మాయిని కూడా తీసుకెళ్లండి, ప్రతి లైనుకూ అర్థం తనకే చెప్పించండి.