సిస్టర్ల బడిలో పిల్లవాణ్ని వేసేముందు

చిరంజీవి బిడ్డకు, పెద్దమ్మ దీవించి రాసేది.

బాబును వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి మన నల్గొండలో సిస్టర్ల బడిలో, అంటే క్యాథలిక్ సన్యాసినులు నడిపే బడిలో, వేద్దామని నువ్వూ అల్లుడూ అనుకుంటున్నట్టు మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. చేతిరాత, ఎక్కాలు, కుదురుగా కూర్చోవడం, ఈ మూడింటి మీద చిన్న తరగతుల్లో ఆ బళ్లు పెట్టే ఓపిక గట్టిది. కాని ఫీజు కట్టేసినంక ఇక అంతా వాళ్లే చూసుకుంటారులే అనుకుంటే కుదరదు. అక్కడ పని కాగితం మీద, కట్టుబాటు మీద నడుస్తుంది. అవి ముందే తెలుసుకున్న తల్లిదండ్రులకు తిప్పలు తక్కువ.

మొదట బడి ఎవరిదో తెలుసుకో. బోర్డు మీద ‘సెయింట్’ అని ఉన్న ప్రతి బడీ క్యాథలిక్ బడి కాదు. ఆ పేరుకు గిరాకీ ఉందని పెట్టుకున్న ప్రైవేటు యజమానులు ప్రతి టౌనులో ఉన్నారు. మిషన్ బళ్లన్నీ కూడా ఒకటి కావు. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు మెన్నోనైట్ మిషనరీలు, నల్గొండ వైపు బాప్టిస్టులు పనిచేశారు. వాళ్లు ప్రొటెస్టెంట్లు, అక్కడ పాస్టర్లుంటారు, మరియమ్మ విగ్రహం ఉండదు. క్యాథలిక్ బళ్లలోనూ రెండు రకాలు. ఒకటి మేత్రాసనం, అంటే బిషప్ కింది చర్చి పరిపాలన, నడిపేది. నల్గొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది, దాని కింది బళ్లకు మామూలుగా ఒక ఫాదర్ కరస్పాండెంటుగా, అంటే యాజమాన్యం తరఫు పెద్దగా, ఉంటారు. రెండోది సిస్టర్ల సభో (సన్యాసినుల సంఘం) బ్రదర్ల సభో సొంతంగా నడిపేది. ఆఫీసులో పాత ఫీజు రసీదు ఒకటి చూపించమని అడుగు, పైన సొసైటీ పేరు అచ్చయి ఉంటుంది. కరస్పాండెంట్ ఎవరో కూడా అడుగు. ఫీజు తగ్గించే మాటైనా, పెద్ద ఫిర్యాదైనా చివరికి చేరేది ఆయన దగ్గరికే, లేదా ఆమె దగ్గరికే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సిస్టర్లకు, ఫాదర్లకు బదిలీలుంటాయి, ఎక్కువగా ఎండాకాలం సెలవుల్లో. మార్చిలో ‘తమ్ముడికి కూడా సీటు ఇస్తాం, ఫీజు తగ్గిస్తాం’ అన్న హెడ్‌మిస్ట్రెస్ జూన్‌లో వేరే ఊళ్లో ఉండొచ్చు. వచ్చిన కొత్త సిస్టరుకు ఆ మాట తెలియదు, తెలియని మాటకు ఆమె కట్టుబడి ఉండక్కరలేదు. అందుకని ఏ మాట ఇచ్చినా ఒక చిన్న దరఖాస్తు రాసి, దాని మీద సంతకం, స్టాంపు వేయించుకుని ఇంట్లో ఫైలులో పెట్టు. అడగడానికి మొహమాటపడకు, వాళ్లకు అలవాటే.

ప్రైవేటు బళ్లలో పేద పిల్లలకు విద్యాహక్కు చట్టం కేటాయించిన 25 శాతం సీట్ల గురించి అల్లుడు అడిగాడట. క్రైస్తవుల వంటి మైనారిటీల సంస్థలకు తమ బళ్లు తామే నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో మైనారిటీ బళ్లకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. కౌంటరు దగ్గర ఆ వాదన పెట్టుకుంటే పని కాదు. రాయితీ కావాలంటే ఇంటి పరిస్థితి ఉన్నదున్నట్టు రాసి కరస్పాండెంటును కలవండి. క్యాథలిక్ కుటుంబాలైతే జ్ఞానస్నాన (బాప్తిస్మం) పత్రం, విచారణ గురువు, అంటే తమ చర్చి ఫాదర్, చేత ఉత్తరం తెచ్చుకుంటారు, సీట్లలో వాళ్లకు ముందు అవకాశం ఉంటుంది. అది వాళ్ల బడి, దానికి నొచ్చుకోవద్దు.

ఇప్పుడు కాగితాలు. అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఈ రోజు అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కిన పేరే పదేళ్ల తర్వాత పదో తరగతి మెమో మీదికి వస్తుంది, అప్పుడు దిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. జనన పత్రం, బాబు ఆధార్, మీ ఇద్దరి ఆధార్ నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకో. బాబు పేరులో ప్రతి ఇంగ్లీషు అక్షరం ఒక్కోటీ వేలు పెట్టి చూడు. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉందా? తండ్రి పేరు ఒకచోట శ్రీనివాస్, ఇంకోచోట శ్రీనివాసులు అని ఉందా? ఉంటే అప్లికేషన్ నింపకముందే మీసేవలో, ఆధార్ కేంద్రంలో సరిచేయించు. ఆసుపత్రిలో పుట్టగానే తీసిన కొన్ని జనన పత్రాల్లో బిడ్డ పేరే ఉండదు, ముందు పేరు ఎక్కించుకోవాలి. బాబుకు 5 ఏళ్లు నిండాయి గనక వేలిముద్రలు, కంటిపాపలు ఇచ్చి ఆధార్ అప్‌డేట్ చేయించాలి. 5 నుంచి 7 ఏళ్ల మధ్య చేయిస్తే రుసుము లేదు. యూకేజీ చదివిన బడి నుంచి టీసీ, పెన్ నంబరు (పిల్లవాడికి ఆన్‌లైన్‌లో ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) తీసుకో. వాళ్లు ఆన్‌లైన్‌లో బాబును వదిలితేనే కొత్త బడి ఎక్కించుకోగలదు. పాత బకాయి ఉంటే అక్కడే ఆగిపోతుంది.

మతం, కులం గడులు నువ్వే నింపు, ఖాళీగా వదలకు. ఖాళీగా ఉంటే క్లర్కు తనకు తోచింది రాస్తాడు. మన తెలంగాణలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీ కుటుంబాలు బీసీ-సీ కిందికి వస్తాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. రేపు కుల ధ్రువపత్రం విచారణకు వస్తే బడి రిజిస్టరు చూస్తారు, అందులో పొరపాటున పడ్డ ఒక్క మాట పిల్లవాడి రిజర్వేషన్ మీద పడుతుంది. సిస్టర్ల బడిలో చదివినంత మాత్రాన కులం మారదు, మతం మారదు. రాసిన రాత మాత్రం మిగులుతుంది.

మతం మాట వచ్చింది గనక అది కూడా చెప్తాను. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, పిల్లలందరూ నిలబడతారు. తరగతుల్లో క్యాథలిక్ పిల్లలకు జ్ఞానోపదేశం (వాళ్ల మతపాఠం) వేరుగా, మిగతావాళ్లకు మోరల్ సైన్స్ చెప్తారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా మైనరు పిల్లల్ని మతబోధలోగానీ ఆరాధనలోగానీ పాల్గొనమని గుర్తింపు పొందిన ఏ బడీ ఒత్తిడి చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మీకు అభ్యంతరం ఉంటే చేర్చేటప్పుడే మర్యాదగా రాసివ్వండి, ఏడాది మధ్యలో గేటు దగ్గర కాదు. నా మటుకు నాకు, ఇంట్లో దేవుడికి దండం పెట్టుకుని, బడిలో చేతులు కట్టుకుని నిలబడటం ఆ వయసు పిల్లవాడికి గొడవగా తోచదు, పెద్దవాళ్లు గొడవ చేస్తే తప్ప.

బొట్టు, గాజులు, గోరింటాకు, పూలు, దీక్ష మాల, మొక్కుకు గుండు, వీటి మీద ఒక్కో బడిది ఒక్కో పద్ధతి. యాదగిరిగుట్టకు పోయి గుండు చేయించుకొచ్చినంక కాదు, పోకముందే బడి డైరీలో రాసి పంపు. సెలవులు కూడా చూసుకో. మిషన్ బళ్లకు క్రిస్మస్‌కు వరుసగా సెలవులొస్తాయి, దసరా సెలవుల తేదీలు మిగతా బళ్లతో కలవకపోవచ్చు. బతుకమ్మకు ఊరికి బస్సు టికెట్లు తీసుకునే ముందు డైరీలోని క్యాలెండర్ చూడు.

ఆ డైరీ సంగతి ఒకటుంది. మొదటి పేజీల్లో ప్రార్థనలు, నియమాలు, తర్వాత సెలవు చీటీలు, చివర్లో ఆలస్యాల పట్టిక, మధ్యలో రోజుకో పేజీ, కింద మీ సంతకానికి గీత. రోజూ రాత్రి బ్యాగు సర్దేటప్పుడు అది తెరిచి చదివి సంతకం చేయండి. వారం సంతకాలు ఒకేసారి గీకేస్తే టీచరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఆ ఇంటికి రాయడం మానేస్తుంది. పిల్లవాడు చదవట్లేదని సగం మందికి పరీక్షలప్పుడు తెలియడానికి కారణం ఇదే. జ్వరమొచ్చి బడి మానితే వెళ్లిన రోజే సెలవు చీటీ నింపి పంపు. గేటు మూసే సమయం గట్టిగా పాటిస్తారు, ఐదు నిమిషాలు ముందే దింపు.

సీటు ఇచ్చేముందు సిస్టర్ బాబును దగ్గరికి పిలిచి పేరు, రంగులు, నాలుగైదు అంకెలు అడగొచ్చు. దానికోసం ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టించకు. జూన్ లోపల వాడు తనంతట తాను టిఫిన్ డబ్బా మూత తీయాలి, నిక్కరు గుండీ పెట్టుకోవాలి, టాయిలెట్‌కు పోతానని నోరు తెరిచి చెప్పాలి. మొదటి నెలలో ఏడుపులన్నీ వీటి దగ్గరే వస్తాయి. తాళ్ల బూట్లు వద్దు, అంటించేవి కొను. తరగతిలో ఇంగ్లీషే మాట్లాడమంటారు. ఇంట్లో మాత్రం మీరు చక్కని తెలుగులోనే మాట్లాడండి, రోజూ ఒక పేజీ తెలుగు బయటికి చదివించండి. 2018 చట్టంతో అన్ని బళ్లలో తెలుగు తప్పనిసరి అయినా, చాలా బళ్లలో దానికి దక్కే పీరియడ్లు తక్కువే.

ఫీజు అడిగినప్పుడు ‘ట్యూషన్ ఫీజు ఎంత’ అని ఆగిపోకు. అడ్మిషన్, టర్ము ఫీజులు, పుస్తకాలు, రెండు జతల యూనిఫారం, హౌస్ టీషర్టు, టై, బెల్టు, బస్సు అన్నీ ఒక కాగితం మీద రాయించుకుని ఏడాదికి కూడు. రెండో ఏడు పెరుగుదల ఎంత ఉంటుందో పై తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని అడిగితే నిజం తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం మరిచిపోకు, బిడ్డా. మనది నల్గొండ, ఫ్లోరైడు నీళ్ల జిల్లా. బడిలో తాగే నీళ్లు మిషన్ భగీరథ నల్లావా, ఆర్‌వో మిషన్‌వా, బోరువా అడుగు, ట్యాంకు ఎక్కడుందో కళ్లతో చూడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు తాగడానికి పనికిరాదు. చిగుళ్ల కింద శాశ్వత దంతాలు తయారయ్యే వయసు ఇదే, ఇప్పుడు పడ్డ గార ఇక పోదు. నీళ్లు కాచినా ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది. అనుమానముంటే ఇంటి నుంచే లీటరు స్టీలు సీసా పంపు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైనంక రెండు పంపు.

పిల్లల్ని కొట్టడం మన దగ్గర 2002 నుంచే నిబంధనల్లో నిషేధం. ఏ బడైనా సరే, బాబు ఒంటి మీద వాత కనబడితే ఫోటో తీసి, తేదీ వేసి, ముందు క్లాస్ టీచరును, తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌ను, అప్పటికీ కాకపోతే కరస్పాండెంటును రాతపూర్వకంగా అడుగు. అక్కడా తేలకపోతే ఎంఈవో (మండల విద్యాధికారి), ఆపైన డీఈవో (జిల్లా విద్యాధికారి). పిల్లల కోసం 1098 నంబరు ఎప్పుడూ ఉంటుంది. వాట్సాప్ గుంపులో ముందు పెట్టకు. పదిమంది గేటు మీదికి పోతే అసలు విషయం పక్కకు పోయి, తరగతిలో బాబు ఒంటరివాడవుతాడు.

అప్లికేషన్లు చాలా బళ్లలో సంక్రాంతి అటూ ఇటూగా ఇస్తారు, డిసెంబరులోనే ఒకసారి పోయి తేదీ కనుక్కో. ఫారం నింపినంక ఇచ్చే ముందు ఫోటో తీసి నాకు పంపు, పేర్లు నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ