పేగుల నుంచి మందు తీసే పనికి మా అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. పంది పేగుల నుంచి హెపారిన్ తీసే కంపెనీ ట్రైనీగా రమ్మంటోంది, తనకీ ఇష్టమే. ఇంత చదివించి ఆ కంపులోకి పంపడానికి నాకు మనసు రావడం లేదు. పైగా రేపు ఈ మందు కూడా ల్యాబ్‌లోనే తయారైతే ఉద్యోగం ఉంటుందా?

జవాబు: అమ్మా, కంపు నిజమే, లేదని చెప్పను. పేగు లోపలి పొర గీకిన జిగట ముద్దతో పని మొదలవుతుంది, కొత్తలో ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. దాన్ని ఎంజైములతో కరిగించి, అందులోని హెపారిన్‌ను రెజిన్ అనే సన్నటి పూసలకి పట్టించి, పాలు విరిచినట్టు ఆల్కహాల్‌తో విరిచి, మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తే చివరికి మిగిలేది తెల్లటి పొడి. గుండె ఆపరేషన్లలో, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసేది అదే.

అయితే మీ అమ్మాయి చదువుకి అసలు విలువ క్వాలిటీ ల్యాబ్‌లో. 2008లో హెపారిన్‌లో వేరే పదార్థం కలిసి అమెరికాలో రోగులు చనిపోయారు. అదీ కొంతవరకు హెపారిన్‌లాగే పనిచేస్తుంది కాబట్టి అప్పటి మామూలు పరీక్షలకు చిక్కలేదు, అణువుల నిర్మాణాన్ని చూపించే ఎన్‌ఎంఆర్ మెషీన్‌తో చూస్తేనే బయటపడింది. ఆవులకొచ్చే మ్యాడ్ కౌ జబ్బు భయం వల్ల పంది సరుకులో ఆవు సరుకు కలవలేదని పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏ పరీక్షతో, తేల్చాల్సిన పని కూడా ఉంది. అందుకే జీతం కంటే ముందు, ఈ మెషీన్ల దగ్గర ట్రైనీని ఎన్ని నెలలు కూర్చోబెడతారో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఏడాదంతా రిజిస్టర్లు నింపిస్తామంటే వద్దనే చెప్తాను.

ఇక భవిష్యత్తు. మీ టెన్షన్‌కి ఆధారం ఉంది. 1922 నుంచి పశువులు, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్, 1982లో బ్యాక్టీరియాతో చేసింది వచ్చాక మెల్లగా పక్కకి తప్పుకుంది. హెపారిన్‌కీ ఆ రోజు రావచ్చు. కానీ బ్యాక్టీరియాతో చేసిన మందునైనా రెజిన్ కాలమ్‌లో శుద్ధి చేయాల్సిందే, పరీక్షించాల్సిందే, కాబట్టి నేర్చుకున్న పని ఎక్కడికీ పోదు. జంతువుల నుంచి మందుల సరుకు తీసే ఈ రంగంలోనే జెలటిన్ క్యాప్సూళ్లున్నాయి, ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో కుట్టే గుండె వాల్వులున్నాయి, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఇచ్చే సర్ఫక్టెంట్ ఉంది (దూడల, పందుల ఊపిరితిత్తుల నుంచి తీస్తారు, నాకైతే ఈ రంగంలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే).

చేరేముందు ఒకరోజు ప్లాంట్ చూస్తామని అడగండి. ల్యాబ్ ఒక్కటే చూపించి పంపేస్తే ఒప్పుకోవద్దు, ముడిసరుకు దించే చోటు కూడా చూడాలి. మీరూ వెంట వెళ్లండి, ఇంటికొచ్చాక మాత్రం ముందు తనని మాట్లాడనివ్వండి.